ఈడ కోడలు: పసిపిల్లల బడి నిలిచిన కథ

మండల కేంద్రములలోని శిశు అభివృద్ధి కార్యాలయముల గోడలమీద అప్పుడప్పుడు ఒక ప్రకటన అంటింపబడుచుండును. ఫలానా గ్రామమున ఖాళీయైన అంగన్‌వాడీ టీచరు పోస్టునకు దరఖాస్తులు కోరుచున్నామని చెప్పు ఆ కాగితమున, పదవ తరగతి ఉత్తీర్ణత, 21 మొదలు 35 వరకు వయస్సు, కుల ధ్రువీకరణ పత్రము మొదలగు అన్ని ఉద్యోగములకును సామాన్యములైన నిబంధనల నడుమ, చదువరి కన్ను సులభముగా దాటిపోవు రెండు మాటలు కలవు. అభ్యర్థిని వివాహితయై యుండవలెను. ఆ గ్రామమున స్థానికురాలై యుండవలెను. తహసీలుదారును గాని, బడిపంతులును గాని, గుమాస్తాను గాని ఎన్నుకొనునప్పుడు నీకు పెండ్లి అయినదా యని అడుగని ప్రభుత్వము, ఆరేండ్లలోపు పసివారికి అన్నమును అక్షరమును అందించు ఈ ఒక్క స్త్రీని మాత్రము ఆ ప్రశ్న ఏల అడుగుచున్నదని నేను చాలకాలము విచారించితిని. పసిపిల్లల పనికి కుదిరిన స్త్రీలు కొందఱు ఏల వెడలిపోయిరి, నిలిచినవారు ఏల నిలిచిరి, వారిని నిలుపదలచిన పెద్దలు ఏమేమి ఉపాయములు వెదకిరి అను నూఱేండ్ల చరిత్ర ఆ రెండు మాటలలో మడిచి పెట్టబడియున్నది.

మన పల్లెలలో ఒక నానుడి కలదు: ఆడపిల్ల యనగా ‘ఆడ’ పిల్లయే గాని ‘ఈడ’ పిల్ల కాదని. పుట్టినింట పెరిగి, ఊరి బడిలో చదివి, వాడవాడలోని వారిని పేరు పేరున ఎఱిగిన పిల్ల, ఆ ఎఱుక అక్కఱకు వచ్చు వయస్సు రాగానే సారెపెట్టెతో మెట్టినింటికి తరలిపోవును. ఆమె విడిచిన వీథికే మఱియొక ఊరి పిల్ల కోడలై వచ్చును. వచ్చిన క్రొత్తలో ఆమెకు చెఱువుగట్టుకు త్రోవ ఎటో తెలియదు, ఎవరిని ఏ వరుస పెట్టి పిలువవలెనో తెలియదు. కాని వచ్చినామె యిక కదలదు. కావున పల్లెయందు నిలుకడగల స్త్రీ కోడలు. ప్రకటనలోని ఆ రెండు మాటలను కలిపి చదివినచో తేలు తాత్పర్యము, మాకు ఈ ఊరి కోడలు కావలెనని.

ఆ నిలుకడ పసివానికి ఎంతటిదో ఒక ఉదయము కోనసీమలోని ఒక చిన్న గ్రామమున కన్నులార చూచితిని. అక్కడి టీచరు పురిటి సెలవుపై పోగా, ప్రక్క ఊరి కేంద్రమును నడుపుచున్న ఆమెయే దీనిని గూడ ఇన్‌చార్జిగా చూచుచు, పదిన్నరకు ఆటో దిగి గుమ్మమున చెప్పులు విడుచుచుండెను. ఆయా అప్పటికే గది యూడ్చి, చాప పఱచి, గ్రుడ్లు ఉడికించి యుంచినది. లోపల నలుగురు పిల్లలు పలకలు ముందిడుకొని కూర్చుండిరి. మూడేండ్ల బాలుడొకడు మాత్రము గడపమీద చదికిలబడి, రెండు చెప్పులును చేత బట్టుకొని, లోనికి రమ్మన్న ప్రతిసారియు తలుపుచెక్కకు ముఖము ఆనించుచుండెను. వాని నాయనమ్మ నన్ను చూచి సంజాయిషీ చెప్పుచున్నట్లు, “మా టీచరమ్మ లేదండి. కొత్తావిడ పెడితే వీడు ముద్ద ముట్టడండి” అన్నది. క్రొత్తగా వచ్చినామె చెడ్డది కాదు. ఆమె వానిని బుజ్జగించినది, గ్రుడ్డు ఒలిచి చూపినది, పాట పాడినది. కాని వానికి కావలసినది నిన్నటి ముఖము. శిశుసంక్షేమమున సిబ్బంది మారుట యన్నది కార్యాలయమువారికి ఖాళీల పట్టికలో ఒక అంకె. ఆ గడపమీది బాలునికి నోటిదాక వచ్చిన ముద్ద.

ఈ పని వేతనముతో కూడిన ఉద్యోగముగా మారకముందు పురుటింటి వ్యవహారము మన గ్రామములలో కులవృత్తితోను బంధుత్వముతోను అల్లుకొనియుండెడిది. బిడ్డను చేతులమీదికి అందుకొను మంత్రసాని తన అత్తవద్ద పని నేర్చి, తన కోడలికి నేర్పి పోవుచుండెను. పురుటినాడు చీరయు, పంటనాడు గింజలును ఆమెకు ముట్టుచుండెను. ఆమె నేర్పులో లోపములు లేవని నేననను. బొడ్డుకోసిన కొడవలి వలన ధనుర్వాతము పాలైన కందుల లెక్కను ఆ దినములలో వ్రాసి పెట్టినవారు లేరు. అయినను ఆమె ఊరు విడిచి పోవుట యన్న ప్రశ్నయే పుట్టలేదు. చదువుకొని, శిక్షణ పొంది, జీతమునకు కుదిరిన స్త్రీ రంగమునకు వచ్చిన పిమ్మటనే నిలుకడ ఒక సమస్యయై కూర్చున్నది.

ఆ సమస్య మొదట బాలికల పాఠశాలలలో తలయెత్తెను. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను తెఱచిననాటికి బాలికలకు చదువు చెప్పగల స్త్రీలు బహు అరుదు. పురుషులు బోధించు బడికి ఈడువచ్చుచున్న పిల్లను పంపుటకు తల్లిదండ్రులు ఒప్పుకొనరు. స్త్రీలే బోధింపవలెనన్నచో చదివిన స్త్రీలు కావలెను. చదువుచున్న పిల్లకో, అక్షరములు కుదురుకొనునంతలో పెండ్లి కుదురును. ఇట్లు పాఠశాల తాను పెంచిన పిల్లను తానే పోగొట్టుకొనుచు, రేపటి ఉపాధ్యాయిని లేక మఱల మొదటికే వచ్చుచుండెను. క్రైస్తవ మిషనులకు తమ కన్యాసేవికలుండిరి. హిందూ సంఘమున పెండ్లివలన ఊరు విడువనక్కఱలేని స్త్రీ ఎవ్వరని వెదకినచో ఒక్కతెయే కనబడుచుండెను. ఆమె వితంతువు.

వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి ఆమెకు మఱల సంసారపు వాకిలిని తెఱచిరి. అది ఒక మార్గము. ఆ వాకిలి మూసికొనిపోయిన ఆమెకు బడి వాకిలిని చూపుట మఱియొక మార్గము. దానిని చెన్నపట్టణమున నడిపించిన పుణ్యాత్మురాలు సిస్టర్ సుబ్బలక్ష్మి. బాల్యముననే భర్తను కోల్పోయిన ఆమె 1911లో పట్టభద్రురాలై, మఱుసటి సంవత్సరమున బాలవితంతువులకు ఒక గృహమును నెలకొల్పి, కొంతకాలమునకు సముద్రపుటొడ్డున నున్న ఐస్ హౌస్ భవనమునకు దానిని మార్చి, తల గొఱిగించుకొని మూలనుండవలసిన బాలికలను ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దెను. ఈ పనికి ప్రభుత్వ విద్యాశాఖ చేయూత నిచ్చుటలో కరుణయు కలదు, అవసరమును కలదు. పెండ్లియై పోవు ఉపాధ్యాయినితో విసిగిన శాఖకు, పోవుటకు మఱియొక ఇల్లు లేని ఉపాధ్యాయిని వరప్రసాదమైనది. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారును లక్ష్మీబాయమ్మగారును 1922లో స్థాపించిన శారదానికేతనము గూడ దిక్కులేని స్త్రీకి చదువును, ఆ చదువువలన ఒక బ్రతుకును కల్పించిన సంస్థయే. ఆ వనితలు చేసిన సేవకు నేను చేతులు జోడింతును. కాని పసివారికి దొరకిన ఆ నిలుకడ ఒక క్రౌర్యమునుండి పుట్టినదని మఱచిపోలేను.

ఈ చరిత్రకు నడిబొడ్డున నిలిచిన స్త్రీ మన దుర్గాబాయమ్మ. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేట పెండ్లియై, ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధమును తానై వదలుకొని, ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలలు చూచి, బయటికి వచ్చి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షతో మొదలుపెట్టి న్యాయశాస్త్రము వఱకు చదివిన ఆమెకు, చదువునడుమ తెగిపోయిన స్త్రీ దుఃఖము పుస్తకముల వలన తెలిసినది కాదు. 1937లో చెన్నపట్టణమున ఆమె ఆరంభించిన ఆంధ్రమహిళాసభ మొదట పిల్లల ఆటపాటల సంఘము. మైలాపురపు బాలికలు గుమిగూడి ఆడుకొనుటకు ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అను ముద్దుపేరుతో వెలసినది. పిల్లలవెంట తల్లులు వచ్చిరి. తల్లులవెంట భర్తలు విడిచినవారు, భర్తలు పోయినవారు, బడి మధ్యలో మానిపించబడినవారు వచ్చిరి. ఆమె వారిని కూర్చుండబెట్టి, తాను నడచిన త్రోవనే కాశీ మెట్రిక్ పరీక్షకు చదివించెను. ఆ చదువునకు లక్ష్యము ఉద్యోగమే. పిల్లల ఆటపాటలనుండి పుట్టిన సంస్థ, పిల్లలను చూచుకొనగల స్త్రీలను తయారుచేయు సంస్థగా ఎదిగిన ఈ తీరు నా మనస్సునకు ఎంతయు హత్తుకొన్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షురాలైనది దుర్గాబాయమ్మయే. మఱుసటి ఏటినుండి ఆ మండలి పల్లెల గుంపులకు సంక్షేమ విస్తరణ పథకములను తెచ్చెను: ఒక బాలవాడీ, గర్భిణులకును బాలింతలకును సలహా, స్త్రీలకు కుట్టుపనియు అక్షరములును. ఈ పనులన్నిటికిని మూలస్తంభము గ్రామసేవిక. కస్తూరిబా 1944 ఫిబ్రవరి 22న ఆగాఖాన్ భవనపు నిర్బంధమున కన్నుమూసిన తరువాత ఆమె పేర వెలసిన స్మారకనిధి, గ్రామములందలి స్త్రీలకును పిల్లలకును సేవచేయుటకు సేవికలను తయారు చేయుచుండెను. గోదావరితీరమున సీతానగరమునందలి కస్తూరిబా ఆశ్రమము ఆ దీక్షకు మన ప్రాంతపు నిలయము. ఖద్దరు చీర, భుజమున సంచి, అందులో ఒక రిజిస్టరు, కొన్ని మందులు, రాట్నము ఏకులు: ఆ వేషమున గ్రామసేవికను చూచినవారు మా పెద్దలలో చాలమంది యుండిరి.

కాని ఆమె ఆ గ్రామమునకు పరాయిది. ఒంటరి స్త్రీకి ఇల్లు అద్దెకిచ్చువారు దొరకరు. దొరకినను కరణముగారి పంచలోనో, ఆలయ సత్రములోనో ఒక గది. ఆ గదికి మరుగు లేదు, తలుపునకు సరియైన గడియ లేదు. సంజె దాటినంతనే ఆమె కదలికలను వీథి యంతయు లెక్కపెట్టును. పురుటింటినుండి రాత్రివేళ పిలుపు వచ్చినచో పోయినను మాటయే, పోకున్నను మాటయే. ఆమెపై అధికారి జీపులో ఎప్పుడో వచ్చి పుస్తకములు చూచి పోవును. ఇట్టి ఊరిలో రెండేండ్లు గడిపిన ఇరువదేండ్ల పిల్లకు పెండ్లి సంబంధము వచ్చినచో తండ్రి వచ్చి తీసికొనిపోవును. ఆమెకును అది విముక్తివలెనే తోచును. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయితే ఆమె వెంట పోయినది ఆమె పెట్టె మాత్రమే కాదు. ఏ ఇంట పాలులేని తల్లి యున్నదో, ఏ పిల్లవానికి రేచీకటియో, ఏ అత్త కోడలిని బాలవాడీ గడప తొక్కనీయదో, ఆ యెఱుక యంతయు పెట్టెతో బండి యెక్కి పోయినది. క్రొత్తగా వచ్చిన సేవిక మఱల మొదటి ఇంటి తలుపు తట్టవలసినదే.

ఈ చిక్కును దుర్గాబాయమ్మ ఎఱుగనిది కాదు. పట్టణపు పిల్లను పల్లెకు పంపి నిలువుమనుటకంటె, పల్లెలోనే నిలిచియున్న స్త్రీకి చదువు చెప్పుట మేలని తలచి, 1958లో వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాకోర్సులను కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా ఆమె నెలకొల్పించెను. ఎన్నడో మూడవ తరగతితోనో నాలుగవ తరగతితోనో బడి మానిన స్త్రీ రెండేండ్లలో మిడిల్ స్కూలు పరీక్షకో మెట్రిక్ పరీక్షకో కూర్చుండవచ్చును; ఆ యర్హతతో గ్రామసేవికగనో, మంత్రసాని పనికో, దాదిగనో, బాలసేవికగనో శిక్షణకు పోవచ్చును. మైలాపురమున రెండు దశాబ్దములకు ముందు ఒక ఇంట మొదలైన కాశీ మెట్రిక్ తరగతియే ఇప్పుడు దేశమంతటికి పథకమైనది. మన దేశమున శిశుసేవికల నిలుకడకై పన్నిన ఉపాయములలో నాకు అన్నిటికంటె ఉదాత్తముగా తోచునది ఇదియే. ఎందుకనగా, అంతకుముందు ఉపాయములు స్త్రీకి పోవు దారులు లేకుండుటను నమ్ముకొన్నవి. ఇది ఆమెకు ఒక దారిని వేసి, ఆ దారి మా ఊరిమీదుగా పోవునని చూపినది.

అదే కాలమున పశ్చిమ సముద్రతీరపు కొండలలో మఱియొక యత్నము జరుగుచుండెను. తారాబాయి మోదక్ 1945లో బోర్డీ గ్రామమునను, 1957 నుండి కోస్‌బాడ్ కొండమీదను వార్లీ గిరిజనుల పిల్లలకు బాలవాడీలను నడుపుచు, ఆ పిల్లలు బడికి రారని, చంటితమ్ముని ఎత్తుకొనుటయు మేకలను కాచుటయు వారి పనియని గ్రహించి, బడినే వారి ముంగిటికి తీసికొనిపోయెను. అంగణమున నడచిన బాలవాడీ గనుక అది అంగన్‌వాడీ యైనది. నేడు మన నోళ్ళలో నలిగి ‘అంగనోడి’ యైన ఆ మాటకు మూలము ఆ కొండవాడల మట్టి ముంగిలి. ఆమెకు కుడిభుజమై 1945లో చేరిన అనుతాయి వాఘ్, 1973లో తారాబాయి కన్నుమూసిన తరువాతను ఆ పనిని విడువక, 1992లో తన తుదిశ్వాస వఱకు అక్కడనే యుండెను. నలువదియేడేండ్లు. ఇంతటి నిలుకడ ఎక్కడనుండి వచ్చినదని ఆమె జీవితమును చూచినచో, పదమూడవయేట పెండ్లియై ఆరు నెలలైనను నిండకుండ వితంతువైన బాలిక కనబడును. తారాబాయి గూడ భర్తనుండి విడివడి జీవించిన స్త్రీ. సుబ్బలక్ష్మి, దుర్గాబాయి, తారాబాయి, అనుతాయి: ఈ నలుగురి జాతకములను ప్రక్కప్రక్కన ఉంచినప్పుడు నాకు ఒడలు గగుర్పొడుచును. మన దేశపు శిశుసంక్షేమమునకు పునాది వేసినవారు, సంసారము తమను విడిచిన పిమ్మటనో, తామే సంసారమును విడిచిన పిమ్మటనో ఊరి పిల్లలను ఒడిలోనికి తీసికొన్నవారు.

నడుమ బాలసేవికల ఘట్టమును త్వరగా దాటుదును. 1952లో ఏర్పడిన భారతీయ శిశుసంక్షేమ మండలి మూడవ పంచవర్ష ప్రణాళికా కాలమున బాలసేవికలకు ఇంచుమించు ఏడాది శిక్షణ నిచ్చు కేంద్రములను నడిపెను. శిశుమనస్తత్త్వము, ఆటవస్తువుల తయారీ, కథాకథనము, పోషకాహారము అన్నియు నేర్చి వచ్చిన ఆ యువతులు మంచి పనివారు. గ్రామసేవికకు కలిగిన చిక్కులే వీరికిని కలిగెను. ఏడాది శిక్షణకు తగిన ఏడాది జీతమైనను పల్లెలో స్థిరముగా దొరకినప్పుడు కదా నిలుచుట.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము దేశమున 33 ప్రాంతములందు మొదలైనప్పుడు దానిని రూపొందించినవారు ఈ వెనుకటి పాఠములను బాగుగా చదివినవారే. శిక్షణను నెలలకు కుదించిరి. అంగన్‌వాడీ కార్యకర్త ఆ గ్రామపు స్త్రీయే కావలెననిరి. ఆమెను ఉద్యోగిని అనక సంఘసేవకురాలనిరి. జీతమనక గౌరవ వేతనమనిరి. ఆ గౌరవము నెలకు మెట్రిక్ చదివినవారికి 150 రూపాయలు, చదువనివారికి 100. వంటచేసి, పిల్లలను ఇంటింటినుండి పిలుచుకొనివచ్చు ఆయాకు 35 రూపాయలు. తరువాతి కాలమున మన రాష్ట్రమున ‘స్థానికురాలు’ అను మాటకు ‘వివాహిత’ అను మాట తోడైనది. కన్నెపిల్లను తీసికొన్నచో పెండ్లియై పోవును, పోస్టు మఱల ఖాళీయగును; కావున పెండ్లియై వచ్చినదానినే తీసికొనుడు. వితంతువుతో మొదలైన వెదకులాట కోడలివద్ద వచ్చి ఆగినది. ఉపాయము ఫలించినదనుటలో సందేహము లేదు. ముప్పదేండ్లు, ముప్పదియైదేండ్లు ఒకే గదిలో పనిచేసి, తాను అన్నప్రాశనము చేయించిన పిల్ల తన బిడ్డను చంకనెత్తుకొని తెచ్చుట చూచిన టీచర్లు ప్రతి మండలమునను కలరు.

ఆ నిలుకడకు ప్రభుత్వము కట్టిన వెల ఎంతో చెప్పు ఒక పట్టిక కలదు. దానిని చదువునప్పుడు నాకు కలుగు బాధను దాచుకొనజాలను. 1986 జూలైనుండి గౌరవ వేతనమున అనుభవమునకు విడిగా ఒక వరుసను చేర్చిరి. మెట్రిక్ చదివిన కార్యకర్తకు 275 రూపాయలు. ఐదేండ్లు నిలిచినచో 300. పదేండ్లు నిలిచినచో 325. అనగా ఒక స్త్రీ ఐదేండ్లపాటు ఒక ఊరి పిల్లలను ఎడతెగక సాకి, తూచి, టీకాలు వేయించి, అక్షరములు దిద్దించినచో, ఆ ఐదేండ్ల ఎఱుకకు నెలకు 25 రూపాయలు. 1997లో మూలమును 500 చేసి, ఐదేండ్ల వరుసను 531గా నిర్ణయించిరి. 2002లో మూలము 1,000, ఐదేండ్లవారికి 1,031. 2008లో మూలము 1,500, ఐదేండ్లవారికి 1,531. పదునొకండేండ్లలో మూలము మూడింతలైనను, నిలిచియుండుటకు ఇచ్చు ప్రతిఫలము ఆ 31 రూపాయలను దాటి ఒక్క అడుగైనను వేయలేదు. ఆమె ఎటులనైనను పోదని తెలిసినవారు వ్రాసిన అంకె అది. ఊరి కోడలు ఊరు విడిచి పోలేకపోవుటను మనము ఆమె సేవాభావముగా లెక్కించి, ఆ లెక్కమీద ఒక మహాపథకమును నిలబెట్టితిమి.

ఆమె పైన నున్నవారి సంగతి వేఱు. సూపర్‌వైజరమ్మకు బదిలీ కలదు, ప్రాజెక్టు అధికారియైన సీడీపీవోగారికి బదిలీ కలదు. జిల్లానుండి జిల్లాకు పోవు ఉద్యోగులు పోవుచుందురు. వారు వచ్చినప్పుడెల్ల క్రొత్త నమూనా, క్రొత్త నివేదిక. 2012 తరువాత సవరించిన పద్ధతిలో టీచరు వ్రాయవలసిన రిజిస్టర్లు 11. అటుపిమ్మట ఫోను వచ్చినది, ఫోనులో పోషణ్ ట్రాకర్ అను యాప్ వచ్చినది. పిల్లవాడు తిన్న గ్రుడ్డు సంగతి పుస్తకమున ఒకసారి, తెరమీద ఒకసారి. పైవారు మారుచుండగా క్రిందివారు నిలిచియుండు ఈ కట్టడమున, ఊరి జ్ఞాపకమంతయు ఆ ఒక్క స్త్రీ తలలో నుండును. ఆమె పోస్టు ఖాళీయైనచో, నింపుటకు నెలలు పట్టును. అంతదనుక ప్రక్క ఊరి టీచరు రెండు కేంద్రములకు రెండు కాళ్ళుగా నిలువవలెను.

ఈ స్త్రీ ఎవరు, సేవకురాలా ఉద్యోగినియా అను ప్రశ్న తుదకు న్యాయస్థానమునకు పోయినది. 2006 డిసెంబరులో కర్ణాటకమునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున, అంగన్‌వాడీ కార్యకర్తది సివిలు పోస్టు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పదునైదేండ్లు గడచిన పిమ్మట, 2022 ఏప్రిల్ 25న, గుజరాతునుండి వచ్చిన వ్యాజ్యమున అదే కోర్టు, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము కార్యకర్తలకును సహాయకులకును వర్తించునని చెప్పెను. ఆ చట్టము ప్రకారము గ్రాట్యుటీకి అర్హత ఐదేండ్ల ఎడతెగని సేవ. ఒకప్పుడు 25 రూపాయలు వెలకట్టిన ఆ ఐదేండ్లే, ముప్పదియాఱేండ్ల తరువాత చట్టము కన్నులలో పడినవి.

తీర్పు పుస్తకమున పడుట వేఱు, చేతిలో పడుట వేఱు. 2023 సెప్టెంబరులో తెలంగాణమునను, డిసెంబరు 12 నుండి ఆంధ్రప్రదేశమునను టీచర్లును ఆయాలును సమ్మెకు దిగిరి. తెలంగాణమున 35,700 కేంద్రములు, ఆంధ్రప్రదేశమున 55,607. ఆంధ్రప్రదేశపు టీచరుకు అప్పుడు నెలకు 11,500 రూపాయలు, తెలంగాణపు టీచరుకు 13,650. తమకును అంతకు తక్కువ కాకుండ ఇయ్యవలెననుటయు, గ్రాట్యుటీని అమలు చేయవలెననుటయు వారి కోర్కెలలో ముఖ్యమైనవి. సమ్మెలను నిషేధించు ఎస్మా చట్టమును ప్రయోగించినను 42 దినములు ఆంధ్రప్రదేశపు సమ్మె సాగెను. దానిని గూర్చిన రాజకీయ వివాదముతో నాకు పనిలేదు. నా మనస్సున నిలిచినది వారి ముఖములు. కలెక్టరు కార్యాలయముల యెదుట గుడారముల క్రింద కూర్చున్నవారిలో నెఱసిన తలలే ఎక్కువ. పోవుటకు మఱియొక చోటు లేదని మనము నమ్మిన ఆ కోడండ్రే, తమ చోటినుండియే లేచి నిలిచి, మేము నిలిచినందుకు వెల యేదని అడిగిరి. మన శిశుసంక్షేమ చరిత్రలో ఆ ప్రశ్న అంత బిగ్గఱగా వినబడుట అదియే ప్రథమమని నా తలంపు.

కోనసీమలోని ఆ కేంద్రమునకు రెండు వీథుల అవతలనున్న మఱియొక కేంద్రమున, కొంతకాలమునకు, పదవీకాలము ముగిసిన టీచరు క్రొత్తగా ఎంపికయైన టీచరుకు చార్జి అప్పగించుట చూచు అవకాశము నాకు కలిగినది. వచ్చినామె పెండ్లియై మూడేండ్లు నిండని ఊరి కోడలు. సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుండి పట్టిక చదువుచుండగా, పెద్దామె ఒక్కొక్క వస్తువును చూపి పెట్టుచుండెను. బరువు తూచు మిషను ఒకటి, గ్యాసు పొయ్యి ఒకటి, కుక్కరు ఒకటి, స్టీలు పళ్ళెములు ఇరువదినాలుగు, మూత లేని బియ్యపు డబ్బా ఒకటి. సంతకములైనవి. సూపర్‌వైజరు రెండవ ఊరికి పోవలసియుండి బస్సు వేళయైనదని లేచినది. అప్పుడు పెద్దామె క్రొత్త టీచరును చాపదగ్గఱకు తీసికొనిపోయి, పిల్లల వెనుక మోకాళ్ళమీద కూర్చుండి, ఒక్కొక్కరి తలమీద చేయి వేయుచు చెప్పసాగినది.

“వీడు పచ్చసొన తినడమ్మా, అన్నంలో నలిపి కలిపేయాలి. ఈ పిల్లకి ఎడమ చెవి సరిగా వినపడదు, కుడివైపు కూర్చుని చెప్పు. వీళ్ళమ్మ చేపల మార్కెట్టుకి పోతుంది, రెండింటికి గాని రాదు. అప్పటిదాకా ఆయాని ఇంటికి పోనివ్వకు. వీడు ఏడిస్తే ఎత్తుకోకు, కిటికీ దగ్గర నిలబెట్టు, లారీలు చూస్తాడు.”

క్రొత్త టీచరు నాలుగు మాటలు విని, ఆగుమని చేయి చూపి, సంచిలోనుండి కలము తీసి, ఇప్పుడే సంతకము చేసిన పట్టిక వెనుకవైపు త్రిప్పి, మొదటి పిల్లవాని పేరు అడిగినది.